టెలీమెడిసిన్: డాక్టర్ తెర మీద ఉన్నారు.. మరి రోగి పక్కన ఎవరున్నారు?

2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చారు. ఆ రోజు ఆయన ప్రారంభించిన ఒక కేంద్రం మాత్రం హైదరాబాద్‌లో లేదు. చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలోని అరగొండలో ఉంది.

అపోలో హాస్పిటల్స్ వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు అది. అక్కడి ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరాల్లోని పెద్ద ఆసుపత్రులతో కలిపారు. పల్లెలో తీసిన స్కాన్‌ను ఎక్కడో నగరంలో ఉన్న స్పెషలిస్టు చూసి, ఏం చేయాలో అక్కడి నుంచే చెప్పొచ్చు. భారత్‌లో గ్రామీణ టెలీమెడిసిన్‌కు ఇదే తొలి అడుగు అని చెబుతుంటారు.

రెండు దశాబ్దాలు దాటాక చూస్తే, అప్పట్లో వింతగా అనిపించిన పని ఇప్పుడు రోజువారీ వ్యవహారమైంది. కేంద్ర ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ‘ఈ-సంజీవని’ ద్వారా జరిగిన సంప్రదింపులు 2023 ఫిబ్రవరి నాటికి 10 కోట్లు దాటాయి. వాటిలో సుమారు 3.17 కోట్లు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లో జరిగినవే. అంటే దేశవ్యాప్తంగా ప్రతి పదింటిలో మూడు. తెలంగాణ వాటా సుమారు 46 లక్షలు. ఆ తర్వాత ఈ సంఖ్యలు ఇంకా చాలా పెరిగాయి.

మరి దూరం నుంచి అందే ఈ వైద్యం ఎంతవరకు వైద్యం? ఎక్కడ పనిచేస్తుంది? ఎక్కడ చేయదు? వీడియో ఎంత స్పష్టంగా ఉందన్న దానికన్నా, తెరకు ఇవతల, రోగి పక్కన ఎవరున్నారన్న దాని మీదే ఈ ప్రశ్నలకు జవాబు ఆధారపడి ఉంది.

ఫోన్‌లో మందు చెబితే తప్పా?

ఫోన్ వచ్చినప్పటి నుంచీ డాక్టర్లు ఫోన్‌లో సలహాలు ఇస్తూనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే 104 నంబరుకు ఫోన్ చేసి ఆరోగ్య సలహా అడిగే ఏర్పాటు మొదలైంది. కానీ ఫోన్‌లో మందులు రాయడం చట్టం దృష్టిలో ఏమవుతుందన్న దానిపై చాలాకాలం స్పష్టత లేదు.

2018లో బాంబే హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసుతో డాక్టర్లలో భయం మొదలైంది. మహారాష్ట్రలోని రత్నగిరిలో సిజేరియన్ తర్వాత ఇంటికెళ్లిన ఒక మహిళ మళ్లీ అనారోగ్యంతో ఆసుపత్రికి వచ్చారు. అప్పుడు డాక్టర్ అక్కడ లేరు. ఫోన్‌లో చెప్పిన మందులతోనే చికిత్స సాగింది. తర్వాత ఆమె చనిపోయారు. ఈ కేసులో డాక్టర్లకు ముందస్తు బెయిల్ ఇవ్వడానికి హైకోర్టు నిరాకరించింది. రోగిని చూడకుండా, జబ్బేమిటో నిర్ధరించకుండా మందులివ్వడాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. దాంతో ‘ఫోన్‌లో సలహా చెబితే జైలుకెళ్లాలా?’ అనే సందేహం దేశమంతా డాక్టర్లలో వచ్చింది.

ఆ సందేహం తీరింది కోవిడ్ కాలంలో. లాక్‌డౌన్ మొదలైన రోజునే, అంటే 2020 మార్చి 25న, టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. భారత వైద్య మండలి స్థానంలో పనిచేస్తున్న బోర్డ్ ఆఫ్ గవర్నర్స్, నీతి ఆయోగ్ కలిసి వీటిని రూపొందించాయి. డాక్టర్ల ప్రవర్తనా నియమావళిలో వీటిని భాగం చేయడంతో దూరవైద్యానికి తొలిసారిగా స్పష్టమైన నియమాలు ఏర్పడ్డాయి.

ఏ మందులు రాయొచ్చు? ఏవి రాయకూడదు?

ఈ మార్గదర్శకాల్లో సామాన్యులకు బాగా ఉపయోగపడే భాగం మందుల వర్గీకరణ. మందులను నాలుగు రకాలుగా విడదీశారు.

మొదటిది ‘ఓ’ జాబితా. పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటివి ఇందులో ఉంటాయి. మామూలు ఫోన్ కాల్‌లోనైనా, మెసేజ్‌లోనైనా వీటిని సూచించొచ్చు.

రెండోది ‘ఎ’ జాబితా. వీటిని తొలి సంప్రదింపులోనే రాయొచ్చు, కానీ రోగిని వీడియోలో చూడాలి. షుగర్, బీపీ, ఆస్తమా లాంటి జబ్బులకు ఇదివరకే వాడుతున్న మందులను కొనసాగించమని రాయడం కూడా ఇందులోకే వస్తుంది.

మూడోది ‘బి’ జాబితా. అంతకుముందు నేరుగా చూసిన రోగికి, అదే జబ్బుకు, పాత మందుతో పాటు అదనంగా ఇచ్చే మందులివి.

నాలుగోది నిషేధిత జాబితా. మార్ఫిన్, కోడీన్ లాంటి మత్తు కలిగించే మందులు, షెడ్యూల్ ఎక్స్‌లోని మందులను టెలీమెడిసిన్‌లో రాయకూడదు.

ఈ వర్గీకరణ వెనకున్న ఆలోచన తేలికైనదే. డాక్టర్‌కు రోగి గురించి ఎంత తక్కువ తెలిస్తే, రాయగలిగే మందులు కూడా అంత తక్కువగా ఉండాలి.

రోగి తనంతట తానే ఫోన్ చేస్తే అంగీకారం ఉన్నట్లే లెక్క. ఆరోగ్య కార్యకర్త గానీ, ఇంట్లోవాళ్లు గానీ, డాక్టర్ గానీ కాల్ మొదలుపెడితే రోగి అంగీకారాన్ని స్పష్టంగా అడిగి నమోదు చేయాలి. ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఫోన్‌లో తేలే జబ్బు కాదని డాక్టర్‌కు అనిపిస్తే ఏ దశలోనైనా ఆపి, నేరుగా ఆసుపత్రికి వెళ్లమని చెప్పొచ్చు. కృత్రిమ మేధ డాక్టర్‌కు సాయం చేయొచ్చు గానీ, అది సొంతంగా మందులు రాయకూడదు.

ఏ ‘ఆర్ఎంపీ’?

ఇక్కడ తెలుగు పాఠకులు గమనించాల్సిన చిక్కు ఒకటుంది. ఈ మార్గదర్శకాల నిండా ‘ఆర్ఎంపీ’ అనే మాట కనిపిస్తుంది. చట్టం భాషలో అది రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. అంటే ఎంబీబీఎస్ లాంటి గుర్తింపు ఉన్న డిగ్రీ చదివి, రాష్ట్ర వైద్య మండలిలో గానీ, జాతీయ రిజిస్టర్‌లో గానీ పేరు నమోదు చేసుకున్న డాక్టర్.

మన ఊళ్లలో ‘ఆర్ఎంపీ డాక్టర్’ అంటే అర్థం దాదాపు దీనికి వ్యతిరేకం. ఎక్కడో కాంపౌండర్‌గా పనిచేసి, ఇంజక్షన్ చేయడం నేర్చుకుని, బండి మీద ఇల్లిల్లూ తిరిగి వైద్యం చేసే మనిషి. ఆయనకు ఈ మార్గదర్శకాలు ఏ హక్కూ ఇవ్వలేదు.

రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టర్ దేశంలో ఏ రాష్ట్రంలోని రోగికైనా సలహా ఇవ్వొచ్చు. విజయవాడ డాక్టర్ సూరత్‌లోనో, ముంబైలోనో ఉంటున్న తెలుగు కార్మికుడికి మందు రాయొచ్చు. కానీ దేశ సరిహద్దులు దాటి జరిగే వైద్యం ఈ మార్గదర్శకాల పరిధిలోకి రాదు. అమెరికాలో ప్రాక్టీస్ చేస్తూ, ఇక్కడి రిజిస్టర్‌లో పేరు లేని బంధువు వాట్సాప్‌లో చెప్పే మందు ఎంత మంచిదైనా, ఈ నియమాల ప్రకారం ప్రిస్క్రిప్షన్ కాదు.

ఈ-సంజీవని ఎలా పనిచేస్తుంది?

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌కు చెందిన మొహాలీ విభాగం ఈ-సంజీవనిని తయారుచేసింది. ఇందులో రెండు దారులున్నాయి.

ఒకటి ఓపీడీ. లాక్‌డౌన్ సమయంలో, 2020 ఏప్రిల్‌లో ఇది మొదలైంది. రోగి తన ఫోన్‌లోనే పేరు నమోదు చేసుకుని, టోకెన్ తీసుకుని, తన వంతు వచ్చాక డాక్టర్‌తో వీడియోలో మాట్లాడతారు.

రెండోది అంతకన్నా ముందే, 2019 నవంబరులో మొదలైంది. దీన్ని మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇందులో రోగి ఫోన్ పట్టుకోనక్కర్లేదు. ఊళ్లోని ఉపకేంద్రానికి, అంటే విలేజ్ క్లినిక్‌కు వెళితే చాలు. మైదాన ప్రాంతాల్లో 5 వేల మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3 వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. అక్కడ బీఎస్సీ నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో అదనపు శిక్షణ పొందిన ఉద్యోగి ఉంటారు. మిగతా రాష్ట్రాల్లో సీహెచ్ఓ అని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎంఎల్‌హెచ్‌పీ అని ఎక్కువగా పిలుస్తారు.

వచ్చిన మనిషి బాధేమిటో ఆమె అడుగుతారు. బీపీ, షుగర్, జ్వరం చూస్తారు. వివరాలన్నీ ట్యాబ్‌లోనో, కంప్యూటర్‌లోనో ఎక్కించి, ‘హబ్’లో ఉన్న డాక్టర్‌కు కాల్ కలుపుతారు. డాక్టర్ రాసిన ప్రిస్క్రిప్షన్ తెర మీదే వస్తుంది. మందులు అక్కడుంటే అక్కడే ఇస్తారు.

2023 ఫిబ్రవరి నాటి లెక్కల ప్రకారం ఈ-సంజీవనిని వాడుకున్నవారిలో 57 శాతానికి పైగా మహిళలే. పట్నం ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ కావాలి, తోడుగా ఇంకో మనిషి కావాలి. ఊళ్లోని క్లినిక్‌కైతే పొలం పనికి వెళుతూ ఆగొచ్చు.

చేతిలో ఫోన్ ఉంటే సరిపోదా?

‘ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్ ఉంది కదా, మధ్యలో క్లినిక్ ఎందుకు?’ అని అడగొచ్చు. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దీనికి జవాబు దొరుకుతుంది.

15-49 ఏళ్ల మహిళల్లో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నవారు దేశంలో సుమారు 54 శాతం. తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. ఇక ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు దేశంలో 33 శాతమైతే, తెలంగాణలో 26 శాతానికి కాస్త పైన, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం మాత్రమే. ఆ తర్వాత ఫోన్ల వాడకం పెరిగి ఉండొచ్చు. కానీ ‘ఇంట్లో ఫోన్ ఉంది’ అన్న మాటకూ, ‘ఆమె చేతిలో ఫోన్ ఉంది’ అన్న మాటకూ తేడా అయితే ఉంది. తెల్లబట్ట అవుతోందనో, గర్భం నిలబడటం లేదనో కొడుకు ఫోన్‌లో, కొడుకు ఎదురుగా డాక్టర్‌కు చెప్పుకోగలిగే తల్లులు ఎంతమంది ఉంటారు?

ఫోన్ దొరికినా ఇంకో ఇబ్బంది ఉంది. డాక్టర్ చేసే పని మాట్లాడటం ఒక్కటే కాదు.

ఏడాది లోపు బిడ్డకు దగ్గు, ఆయాసం వచ్చాయనుకుందాం. అది మామూలు జలుబా, న్యుమోనియానా అని తేల్చడానికి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో అది 50, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రమాద సంకేతం. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోతోందా అన్నది చూడాలి. ఏడుస్తున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకున్న తల్లి ఇది చేయలేరు. శిక్షణ పొందిన నర్సు గడియారం చూసి ఒక్క నిమిషంలో చెప్పగలరు.

కడుపునొప్పికి చేత్తో నొక్కి చూడాలి. రక్తహీనతకు కనురెప్ప లాగి చూడాలి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి. డాక్టర్ చేయి అక్కడిదాకా రాలేనప్పుడు, డాక్టర్ తరఫున పనిచేసే చేయి ఇంకొకటి రోగి పక్కన ఉండాలి.

భాష సంగతి కూడా అంతే. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండీ, కొలామీ మాట్లాడేవారు ఉన్నారు. పాడేరు ప్రాంతంలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారు ఉన్నారు. హబ్‌లోని డాక్టర్‌కు తెలుగు వస్తుంది, రోగికి తెలుగు అంతంతమాత్రం. ఆ మాటలను అటూ ఇటూ చేరవేసేది క్లినిక్‌లోని ఆరోగ్య కార్యకర్తో, ఆశా కార్యకర్తో.

బాగా పనిచేసిన చోట ఏముంది?

తెలుగు రాష్ట్రాల్లోనే దీనికి మంచి ఉదాహరణలున్నాయి.

1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామాల్లో ‘విజన్ సెంటర్లు’ ఏర్పాటు చేసింది. సుమారు 50 వేల జనాభాకు ఒక కేంద్రం ఉండాలన్నది దాని నమూనా. అక్కడ కంటి డాక్టర్ ఉండరు. శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్ ఉంటారు. చాలావరకు ఆ చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులే. చూపు పరీక్షించి కళ్లద్దాలు ఇస్తారు. స్లిట్ ల్యాంప్‌తో కంటిని చూస్తారు. అనుమానం వస్తే ఫొటోలు, వివరాలు పై ఆసుపత్రిలోని డాక్టర్‌కు పంపి సలహా తీసుకుంటారు. శుక్లాలకు ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి పంపాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఈ వ్యవస్థలో వీడియో కాల్ ఒక చిన్న భాగం మాత్రమే.

రెండోది గుండెపోటు వైద్యం. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం పూర్తిగా మూసుకుపోతే, నిమిషాలు గడిచే కొద్దీ గుండె కండరం చచ్చిపోతుంది. యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్ ల్యాబ్‌లు నగరాల్లోనే ఉంటాయి. అక్కడికి చేరేలోపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇస్తే ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది. కానీ ఆ ఇంజక్షన్ అవసరం లేనివారికి ఇస్తే రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. ఈసీజీ చూసి నిర్ణయించడానికి చిన్న ఆసుపత్రిలో గుండె డాక్టర్ ఉండరు.

ఆంధ్రప్రదేశ్‌లో భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో 2023లో మొదలైన ‘స్టెమీ’ కార్యక్రమం ఈ సమస్యనే పరిష్కరించాలని చూస్తోంది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీ నిమిషాల్లో హబ్‌లోని గుండె డాక్టర్‌కు చేరుతుంది. ఆయన అవునంటే, పదుల వేల రూపాయల ఖరీదు చేసే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇస్తారు. ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపుతారు.

నిర్ణయం దూరం నుంచి వస్తుంది. కానీ ఈసీజీ యంత్రం, ఇంజక్షన్, దాన్ని ఇచ్చే డ్యూటీ డాక్టర్, నర్సు, బయట అంబులెన్స్.. ఇవన్నీ రోగి దగ్గరే ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా గుండె డాక్టర్ తెర మీద ఉండి ప్రయోజనం లేదు.

మాటే మందైన చోట

మరి దూరం నుంచి పూర్తిగా అందించగలిగే వైద్యమే లేదా? ఉంది. మానసిక ఆరోగ్యంలో వినడం, మాట్లాడటం చికిత్సలో పెద్ద భాగం. అందుకే ఫోన్ అక్కడ బాగా ఉపయోగపడుతుంది.

2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్రం ‘టెలీ-మానస్’ సేవను ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ దీనికి మార్గదర్శక సంస్థ. 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే పిచ్చి అంటారేమోనన్న భయం ఉన్న సమాజంలో, ఎవరూ చూడకుండా ఫోన్ చేయగలగడం చిన్న విషయం కాదు.

అయితే ఇక్కడ కూడా మాట దగ్గరే ఆగిపోతే చాలదు. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న మనిషి ఫోన్ చేస్తే, ఆ రాత్రికే దగ్గర్లో చేర్చుకునే ఆసుపత్రి, చూసే డాక్టర్ ఉండాలి. అందుకే టెలీ-మానస్‌ను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంతో కలిపారు.

10 కోట్లు అన్న అంకె ఏం చెప్పదు?

సంప్రదింపుల సంఖ్య ఎన్నిసార్లు కాల్ కలిసిందో చెబుతుంది. ఎంతమందికి జబ్బు తగ్గిందో చెప్పదు. రాసిన మందులు క్లినిక్‌లో ఉన్నాయా, పరీక్షలు జరిగాయా, పెద్దాసుపత్రికి వెళ్లమన్నవారు వెళ్లారా, వెళితే అక్కడ చూశారా అన్నవి ఆ అంకెలో కనిపించవు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. లెక్కపెట్టడానికి తేలికగా ఉన్నదే లక్ష్యమైతే, రోజుకిన్ని కాల్స్ చేయించాలన్న ఒత్తిడి చివరికి కింది ఉద్యోగి మీద పడుతుంది. ముక్కు కారుతున్న మనిషికీ కాల్ కలపాలి. అవతలి డాక్టర్‌కు ఒక్కో రోగికి దొరికే సమయం తగ్గుతుంది. కాల్ కలిపిన ప్రతిసారీ కొత్త డాక్టర్ వస్తే, కిందటి నెల ఏ మందు ఎందుకు మార్చారో అడిగేవారుండరు. షుగర్, బీపీ లాంటి జీవితకాలపు జబ్బులకు ఇది పెద్ద లోటు.

ఇంకో భయం కూడా ఉంది. ‘టెలీమెడిసిన్ ఉంది కదా’ అని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ పోస్టును ఖాళీగా వదిలేయడం మొదలైతే, నగరాల్లో ఉన్నవారికి డాక్టర్, పల్లెల్లో ఉన్నవారికి డాక్టర్ బొమ్మ మిగులుతాయి. డాక్టరే 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఊరికి వచ్చేలా ఆంధ్రప్రదేశ్ 2023లో తెచ్చిన ‘ఫ్యామిలీ డాక్టర్’ విధానం ఈ లోటును పూడ్చే ప్రయత్నాల్లో ఒకటి. మనిషిని ఒకసారి చేత్తో పరీక్షించి, ఎరిగి ఉన్న డాక్టరే తర్వాత తెర మీద కనిపిస్తే, ఆ కాల్ విలువే వేరుగా ఉంటుంది.

ఫోన్‌లో డాక్టర్‌ను సంప్రదించే ముందు

ప్రభుత్వ సేవైనా, ప్రైవేటు యాప్ అయినా కొన్ని జాగ్రత్తలు అవసరం.

డాక్టర్ పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబర్ అడిగే హక్కు రోగికి ఉంది. వాడుతున్న మందులన్నీ, పడని మందులు, గర్భం, కిడ్నీ జబ్బు, పాత ఆపరేషన్లు డాక్టర్ అడగకపోయినా చెప్పాలి. వీలైతే ఆ రోజు బీపీ, షుగర్, జ్వరం చూసుకుని కూర్చోవాలి. ప్రిస్క్రిప్షన్ రాతపూర్వకంగా తీసుకుని దాచుకోవాలి. ‘ఎన్ని రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రికి రావాలి?’ అని తప్పక అడగాలి. కాల్‌లో డాక్టర్ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా, కాల్ రికార్డు అవుతోందా అని తెలుసుకోవాలి. ఆరోగ్య వివరాలను రోగి అనుమతి లేకుండా వాడుకోకూడదు.

ఛాతీలో నొప్పి, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, మాట తడబడటం, తీవ్రమైన ఆయాసం, ఆగని రక్తస్రావం, ఫిట్స్, గర్భిణికి రక్తస్రావం లేదా చూపు మసకబారేంత తలనొప్పి, పాలు తాగని పసిబిడ్డ.. ఇవి యాప్‌లో టోకెన్ తీసుకుని వేచి చూసే విషయాలు కావు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అరగొండ చెప్పే పాఠం

అరగొండ గురించి చెప్పేటప్పుడు ఉపగ్రహం, క్లింటన్ పేరు అందరికీ గుర్తుంటాయి. చాలామంది మరిచిపోయే విషయం ఇంకొకటుంది. ఆ పల్లెలో అప్పటికే పడకలున్న ఆసుపత్రి ఉంది. స్కాన్ తీసే యంత్రం, తీసే మనిషి, చూసుకునే నర్సులు ఉన్నారు. ఉపగ్రహం కలిపింది ఒక ఆసుపత్రిని ఇంకో ఆసుపత్రితో. ఖాళీ గదిని కాదు.

అందుకే ఎక్కడైనా కొత్త టెలీమెడిసిన్ కేంద్రం ప్రారంభమైందని విన్నప్పుడు అవతల ఏ స్పెషలిస్టు ఉన్నారన్నది ఒక్కటే అడిగితే సరిపోదు. ఇవతల నర్సు పోస్టు భర్తీ అయిందా? రాసిన మందు అక్కడ దొరుకుతుందా? ‘పెద్దాసుపత్రికి వెళ్లండి’ అన్న మాట వచ్చిన రాత్రి బండి వస్తుందా? తెర మీద కనిపించే డాక్టర్ ఆ ఊరికి నిజంగా అందుబాటులో ఉన్నారో లేదో ఈ మూడు ప్రశ్నలే తేలుస్తాయి.